కొత్త ఆయిల్ పోస్తే పని సగమే అయినట్టు

కారున్న ప్రతి ఇంట్లో కనీసం ఒక్కరికైనా ఇంజిన్ ఆయిల్ మార్చడం రావాలి. ఈ మాట జగిత్యాలలోనో కోరుట్లలోనో అంటే ముందుగా వచ్చే జవాబు ఒకటే: ‘షెడ్డు పక్కనే ఉన్నది గదా, మనకెందుకా మసి?’ ఆ జవాబులో న్యాయం లేకపోలేదు. 63వ జాతీయ రహదారి వెంట మెట్‌పల్లి నుంచి ధర్మపురి దాకా వెళ్తుంటే మెకానిక్ షెడ్డు లేని ఊరు అరుదు. కూలి కూడా పెద్ద భారం కాదు. అయినా నేర్చుకోవాలని చెప్పడానికి బలమైన కారణం ఉంది. ఆ పని సొంత చేత్తో చేసినవారికే తమ బండి నుంచి దిగిన నల్లటి నూనె ఎంతో, అది చివరికి ఎక్కడికి పోతోందో తెలుస్తుంది. తాళం చెవి ఇచ్చి, బిల్లు కట్టి వచ్చేవారికి ఆ నూనె కంట పడదు.

కంట పడని ఆ నూనె గురించే ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు పట్టణాలూ ఆలోచించాలి.

ఈ ప్రాంతానికి ఆయిల్ మార్చే పని కొత్తేమీ కాదు. ట్రాక్టరున్న రైతుల్లో చాలామంది ఎవరి పని వారే చేసుకుంటారు. వారిది కిలోమీటర్ల లెక్క కాదు, గంటల లెక్క. చాలా ట్రాక్టర్లకు 250 గంటలకొకసారి ఆయిల్ మార్చాలి. దమ్ము మొదలయ్యే ముందు ఛాంబర్ బోల్టు విప్పి, పాతది బకెట్‌లోకి దింపి, కొత్తది పోసుకుని పొలంలోకి దిగుతారు. సిరిసిల్లలో సాంచాల మీద బతికే కార్మికుడికి నూనె విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ఇనుము ఇనుముతో రాసుకునే చోట నూనె తగ్గితే ముందు చప్పుడు మారుతుంది, తర్వాత వేడెక్కుతుంది, ఆపైన పని ఆగుతుంది. పని ఆగితే కూలీ ఆగుతుంది. ఇక దుబాయ్, మస్కట్, కువైట్, సౌదీలకు డ్రైవర్లుగా, మెకానిక్‌లుగా వెళ్లి వచ్చినవారు ఈ జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. ఎడారి దుమ్ములో, మండే ఎండలో బండి నడిపిన అనుభవం వారిది. ఆయిల్ విషయంలో అశ్రద్ధ చేస్తే ఇంజిన్ ఏమవుతుందో వారికి బాగా తెలుసు.

కొత్త బండి కొనగానే కొండగట్టు అంజన్న దగ్గరికో, వేములవాడ రాజన్న దగ్గరికో తీసుకెళ్లి పూజ చేయించడం ఇక్కడి ఆనవాయితీ. దసరా వచ్చిందంటే షెడ్డుల్లో పానాలకు, జాకీలకు కూడా పసుపు కుంకుమ పెడతారు. యంత్రానికి ఇంత గౌరవమిచ్చే నేల మీద, తన కారులో ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ ఎక్కడుందో తెలియని యజమాని ఉండకూడదు.

ఇంజిన్‌లో ఆయిల్ చేసే పనులు చాలా ఉన్నాయి. లోహాల మధ్య పొరలా నిలిచి రాపిడిని తగ్గిస్తుంది. పిస్టన్ల దగ్గర పుట్టే వేడిని మోసుకుపోతుంది. మసిని ఒకచోట పేరుకోనివ్వకుండా తనలో కలుపుకుంటుంది. తుప్పు పట్టనివ్వదు. ఈ పనులన్నిటి కోసం తయారీలోనే రకరకాల రసాయనాలు కలుపుతారు. వాడేకొద్దీ అవి కరిగిపోతాయి. అందుకే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు మార్చాలని కంపెనీ పుస్తకాలు చెబుతాయి. ఇందులో ‘ఏడాది’ అన్న మాటను చాలామంది పట్టించుకోరు. ‘మా బండి నాలుగు వేలు కూడా తిరగలే’ అంటారు. నిజానికి తక్కువ తిరిగే బండికే ఈ ఏడాది గడువు ముఖ్యం. బడికి, బజారుకు రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోయే కారులో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. అలాంటప్పుడు లోపల చేరిన తేమ, కాలని పెట్రోలు ఆవిరై బయటికి పోవు, ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి ఇంకా ముందే మార్చాలని అవే పుస్తకాల్లో రాసి ఉంటుంది. వరి కోతల కాలంలో ఊళ్ల మధ్య తిరిగే బండ్లన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

ఇంకో అపోహ ఎండాకాలంతో వచ్చింది. వేసవిలో జగిత్యాల జిల్లాలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఇంత ఎండలో పలచటి ఆయిల్ నిలవదు, చిక్కటిదే పోయాలి అనే సలహా తరచూ వినపడుతుంది. కానీ ఇంజిన్ లోపల ఆయిల్ ఎండాకాలమైనా చలికాలమైనా 100 డిగ్రీలకు దగ్గరగా పనిచేస్తుంది. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే, అందులో రెండో అంకె ఆ 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. మొదటి అంకె చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ఎంత చురుగ్గా పారుతుందో చెబుతుంది. కొత్త తరం ఇంజిన్లలో ఆయిల్ పారే దారులు చాలా సన్ననివి. పాత ఇంజిన్లకు వాడే 20డబ్ల్యూ-50ని వాటిలో పోస్తే స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో పైభాగాలకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది, అరుగుదల అక్కడే మొదలవుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటే, బూడిద తక్కువ మిగిల్చే ప్రత్యేక ఆయిల్ వాడాలి. ఏది పోయాలన్న తీర్పు దుకాణదారుడిది కాదు, పక్కింటాయనది కాదు, బండితో పాటు వచ్చిన పుస్తకానిది.

రంగు చూసి తీర్పు చెప్పడం కూడా సరికాదు. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసిన కొన్నాళ్లకే నల్లబడుతుంది. మసిని తనలో కలుపుకుంటోందని, అంటే తన పని తాను చేస్తోందని దానర్థం.

ఇక పని విషయానికొస్తే, కావాల్సిన సామాను కొంచెమే. సరైన ఆయిల్, ఆ బండికి సరిపోయే ఫిల్టర్, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్, రింగు పానా, ఫిల్టర్ విప్పే పానా, వెడల్పాటి తొట్టి, గరాటు, చేతులకు గ్లౌజులు. ఆయిల్ చిన్న పెట్రోలు కారుకు మూడు లీటర్లకు అటూ ఇటూగా పడుతుంది, ఇన్నోవా లాంటి పెద్ద డీజిల్ బండికి ఏడు లీటర్ల దాకా కావాలి. బండిని సమంగా ఉన్న నేల మీద ఆపి, ఇంజిన్‌ను నాలుగైదు నిమిషాలు నడిపి ఆపేయాలి. గోరువెచ్చని ఆయిల్ తేలిగ్గా దిగుతుంది, మరిగే ఆయిల్ చేతులు కాలుస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, చక్రాలకు అడ్డు పెట్టాలి.

ఇక్కడ ఒక్క జాగ్రత్త దగ్గర రాజీ పడకూడదు. బండిని జాకీ మీదే నిలిపి కిందికి దూరకూడదు. ఇటుకలు పేర్చి దాని మీద ఆనించడం అంతకంటే ప్రమాదం, బరువు పడితే ఇటుక చెప్పకుండా పగిలిపోతుంది. లోహపు స్టాండ్లు గానీ, ఏటవాలు ర్యాంపు గానీ లేకపోతే ఈ పని ఇంట్లో పెట్టుకోవద్దు. డబ్బులు మిగిల్చుకోవడానికి ప్రాణం పణంగా పెట్టాల్సిన అవసరం ఎవరికీ లేదు. స్టాండ్లు లేనివారు బండి కిందికి దూరకుండా డిప్‌స్టిక్ గొట్టంలోంచి పంపుతో పాత ఆయిల్ లాగే పద్ధతి కూడా ఉంది.

పైన ఆయిల్ పోసే మూత తీసి, కింద బోల్టు విప్పి, ధార చుక్కలుగా మారేదాకా ఆగాలి. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉందేమో చూడాలి. దాని మీదే కొత్తది బిగిస్తే ఆయిలంతా రోడ్డు పాలవుతుంది. కొత్త ఫిల్టర్ రబ్బరుకు వేలితో కాస్త ఆయిల్ రాసి, చేత్తో బిగించాలి. రబ్బరు తగిలాక మరో ముప్పావు చుట్టు తిప్పితే సాధారణంగా సరిపోతుంది. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేసి, ముందు చేత్తో మర ఎక్కించి, ఆ తర్వాతే పానా పెట్టాలి. బలమంతా చూపించి బిగిస్తే అల్యూమినియం ఛాంబర్ మరలు పోతాయి, అప్పుడు ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. పుస్తకంలో చెప్పినదానికంటే కొంచెం తక్కువ పోసి, ఒక నిమిషం ఇంజిన్ నడిపి, ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూడాలి. రెండు గీతల మధ్య పైగీతకు దగ్గరగా ఉంటే చాలు. ఎక్కువ పోసినా చెరుపే, ఆయిల్ నురగ కడితే పంపు దాన్ని సరిగా పైకి పంపలేదు. చివరగా బోల్టు దగ్గర, ఫిల్టర్ దగ్గర చెమ్మ ఉందేమో చూసి, తేదీ, కిలోమీటర్లు రాసి పెట్టుకోవాలి.

దీనివల్ల మెకానిక్ పొట్ట కొట్టినట్టు కాదా అని అడిగేవారున్నారు. కాదు. మంచి మెకానిక్ సంపాదన అతని నైపుణ్యం మీద వస్తుంది: చప్పుడు విని రోగం చెప్పడం, క్లచ్చు పని, ఇంజిన్ పని. ఆయిల్ గురించి తెలిసిన యజమాని ఆ నైపుణ్యానికి సరైన విలువ ఇస్తాడు. పని తెలిసినవారి దగ్గర నకిలీ ఆయిల్ పోసి మాయ చేయడం కూడా కష్టమవుతుంది. వారంటీ ఉన్నన్నాళ్లు దాని షరతుల ప్రకారం నడుచుకోవడమే మంచిది. ఆ తర్వాత బండి మీద హక్కు యజమానిది. ఈ హక్కు గురించి దేశంలో పెద్ద చర్చే జరిగింది. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదంటూ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా విధించింది. కంపెనీలు దాని మీద అప్పీలుకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచి, వాహనాలను కూడా అందులో చేర్చింది. మరమ్మతు చేసుకునే హక్కు వైపు దేశం అడుగులు వేస్తోంది. హక్కుతో పాటు బాధ్యతా రావాలి.

ఆ బాధ్యత తొట్టిలో నల్లగా నిలిచి ఉంటుంది.

ఇంట్లో మార్చినా, షెడ్డులో మార్చినా ఆ కాలిన ఆయిల్ ఎక్కడికి పోతోంది? కొంత సెంట్రింగ్ పలకలకు పూతగా వెళ్తుంది. కొంత చెదలు పట్టకుండా గుంజలకు, తలుపు చట్రాలకు పూస్తారు. కొంత కొలిమికి, బట్టీకి ఇంధనమవుతుంది. కొంత మురికి కాలువలోనో, ఖాళీ జాగాలోనో కలుస్తుంది. తరతరాల పొదుపు బుద్ధితో వచ్చిన అలవాట్లే ఇవన్నీ, ఎవరినీ నిందించాల్సిన పని లేదు. కానీ ఆ నూనెలో ఏముందో తెలిస్తే ఎవరూ ఆ పని చేయరు. ఇంజిన్‌లో తిరిగి తిరిగి వచ్చిన ఆయిల్‌లో జింకు, సీసం వంటి లోహాలు, కాలిన ఇంధనం నుంచి చేరిన క్యాన్సర్ కారక రసాయనాలు ఉంటాయి. అది రోజూ చర్మానికి తగులుతూ ఉంటే చర్మ క్యాన్సర్ ముప్పు ఉంటుంది. షెడ్డుల్లో పనిచేసే పిల్లలు మోచేతుల దాకా ఆ నూనెలో ముంచి, పెట్రోలుతో కడుక్కోవడం చూస్తూ ఊరుకోవడం మన తప్పే. గ్లౌజులు, సబ్బు వారికి ఇప్పించడం యజమాని బాధ్యత.

నీటి సంగతి ఇంకా భయపెడుతుంది. ఒక గ్యాలన్, అంటే దాదాపు 3.8 లీటర్ల వాడిన ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. మన లెక్కలో అది 38 లక్షల లీటర్ల నీళ్లు. ఆ ఒక్క గ్యాలన్ ఒక కారు ఆయిల్ మార్పులో దిగే నూనెకు కాస్త అటూ ఇటూ. సిరిసిల్ల పక్క నుంచి పారే మానేరు దిగువన మధ్యమానేరులో, ఆపైన దిగువ మానేరులో చేరుతుంది. దిగువ మానేరు కరీంనగర్‌కు తాగునీటి వనరు. జగిత్యాల, కోరుట్లల చుట్టూ కాకతీయ కాలువ నీళ్లు పారే పొలాలున్నాయి, చెరువులున్నాయి. సద్దుల నాడు ఆడబిడ్డలు బతుకమ్మలు వదిలేది ఆ చెరువుల్లోనే. మురికి కాలువలో పోసిన నూనె అక్కడే ఆగిపోదు.

ఇదే నూనె సరైన చోటికి చేరితే సంపద. ఒక పీపా, అంటే 159 లీటర్ల ముడిచమురు నుంచి వచ్చే కందెన నూనె రెండున్నర లీటర్ల లోపే. వాడిన ఆయిల్ 3.8 లీటర్లుంటే చాలు, దాన్ని శుద్ధి చేసి అంతే నూనె తీయవచ్చు. ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా దిగుమతి చేసుకునే దేశం ఈ లెక్కను తేలిగ్గా తీసుకోకూడదు.

ప్రపంచంలో కొన్నిచోట్ల ఈ చిక్కుకు సులువైన జవాబు దొరికింది. జర్మనీలో ఇంజిన్ ఆయిల్ అమ్మిన దుకాణం, తాను అమ్మినంత పాత ఆయిల్‌ను డబ్బు తీసుకోకుండా తిరిగి తీసుకోవాలన్నది చట్టం. కాలిఫోర్నియాలో 1991 నాటి చట్టం ప్రకారం గుర్తింపు పొందిన కేంద్రాలు జనం తెచ్చే పాత ఆయిల్ తీసుకుని గ్యాలన్‌కు 40 సెంట్లు ఇస్తాయి. ఫ్రీమాంట్‌లోనో సాన్ హోసేలోనో ఉంటూ తన గ్యారేజీలో ఆయిల్ మార్చుకునే తెలుగు కుర్రవాడు, ఆ పాత డబ్బాను కారులో పెట్టుకెళ్లి ఇచ్చి వస్తాడు. ఆ సౌకర్యం కోరుట్లలో ఉన్న అతని తండ్రికీ అందాలి.

మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది. వాడిన ఆయిల్‌ను 2016 నాటి నిబంధనలే ప్రమాదకర వ్యర్థంగా లెక్కించాయి. కొత్తగా 2024 ఏప్రిల్ 1 నుంచి, ఆయిల్ తయారుచేసే, దిగుమతి చేసే సంస్థలే పాత ఆయిల్ శుద్ధి బాధ్యత మోయాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. తొలి ఏడాది లక్ష్యం 5 శాతం, తర్వాత ఏటా పెంచుతూ పోవాలి. మరోవైపు ఇళ్ల నుంచి వచ్చే రంగు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు వంటి ప్రమాదకర చెత్త తీసుకోవడానికి పట్టణాల్లో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు, అంతకంటే తక్కువున్నా సరే, ఒక కేంద్రం పెట్టాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు స్థానిక సంస్థలకు చెప్పాయి. పైన కంపెనీలకు లక్ష్యం పెట్టారు, కింద మునిసిపాలిటీకి పని అప్పగించారు. మధ్యలో రెండు డబ్బాల పాత ఆయిల్‌తో నిలబడ్డ మామూలు మనిషికి దారి చూపించడమే మిగిలింది.

ఆ దారి వేయడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మునిసిపాలిటీలు పొడి చెత్త సేకరణ కేంద్రాల్లో నీడ కింద, సిమెంటు గచ్చు మీద, మూత ఉన్న ఒక్కో డ్రమ్ము పెట్టాలి. ‘వాడిన ఇంజిన్ ఆయిల్ ఇక్కడ తీసుకోబడును’ అని బోర్డు పెట్టాలి. ఆయిల్ అమ్మే దుకాణాలు తమ దగ్గర కొన్నవారి నుంచి పాత ఆయిల్ వెనక్కి తీసుకోవాలి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న కొనుగోలుదారుల పేర్లు షెడ్డుల యజమానులకు అందాలి, వారికే అమ్మేలా చూడాలి. కొండగట్టు దగ్గరి నాచుపల్లి జేఎన్టీయూ కళాశాల మెకానికల్ విద్యార్థులు, మండెపల్లి డ్రైవింగ్ శిక్షణ సంస్థ నిపుణులు ఆదివారాలు ఒకపూట జనానికి ఈ పని చేసి చూపించగలరు. స్టాండ్ల మీద బండిని ఎలా నిలపాలో, డిప్‌స్టిక్ ఎలా చదవాలో, పాత ఆయిల్ ఎలా భద్రం చేయాలో ఆ ఒక్క పూటలో నేర్పవచ్చు.

అంతవరకు యజమానులు చేయగలిగింది కూడా ఉంది. దింపిన ఆయిల్‌ను కొత్త ఆయిల్ వచ్చిన ఖాళీ డబ్బాలోనే పోసి మూత బిగించండి. అందులో నీళ్లు, పెట్రోలు, కూలెంటు కలపకండి, కలిస్తే శుద్ధికి పనికిరాకుండా పోవచ్చు. పాత ఫిల్టర్‌ను ఒక రాత్రంతా బోర్లించి, కారిన ఆయిల్‌ను కూడా అదే డబ్బాలో పోయండి. పాత ఆయిల్ ఇచ్చేశాక ఖాళీ అయిన డబ్బాలకు చిల్లు పెట్టి పారేయండి, నకిలీ ఆయిల్ నింపేవారికి అవి చిక్కకూడదు. పాత ఆయిల్‌ను అనుమతి ఉన్నవారికి అమ్మే షెడ్డును వెతికి అక్కడ ఇవ్వండి. మీ వార్డు కౌన్సిలర్ కనిపించినప్పుడు ఆ డ్రమ్ము ఎప్పుడు పెడతారని అడగండి.